ఫోన్‌ల మూడొందల పీడీఎఫ్‌లు.. చదివినయి ఎన్ని?

మొన్న దసరకు ఊరికి పోయినప్పుడు మా చిన్నాయన కొడుకు తన ఫోన్ నా చేతిల పెట్టిండు. గ్రూప్స్‌కు ప్రిపేర్ అయితున్నడు. టెలిగ్రామ్ గ్రూపులకెల్లి దించుకున్న పుస్తకాలన్నీ ఒక్క ఫోల్డర్‌ల పెట్టుకున్నడు. ఇద్దరం కూసొని లెక్కవెట్టినం. మూడొందల పన్నెండు! తెలంగాణ చరిత్ర మీదనే పదకొండు రకాలున్నయి. పాలిటీవి తొమ్మిది. ఇగ కరెంట్ అఫైర్స్ అయితె నెలనెలవి, మూడేండ్లవి. "వీట్ల ఎన్ని చదివినవ్‌రా?" అని అడిగిన. జరసేపు సప్పుడు చెయ్యలే. "అన్నీ జరజర చూసిన అన్నా" అన్నడు. మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాంక చదివింది మాత్రం ఒక్కటేనట. అది ఫోన్‌ల ఉన్నది కాదు. వాళ్లక్క డిగ్రీ చదివేటప్పుడు కొన్న తెలుగు అకాడమీ పుస్తకం. అట్ట ఊశిపోతె దబ్బనంతోని కుట్టుకున్నరు.

తర్వాత మెల్లగ అసలు ముచ్చటకు వచ్చిండు. "అన్నా, ఫోన్‌ల చదువుడు అయితలేదు. కిండిల్ కొనుమంటవా? కొత్త పేపర్‌వైట్ పదిహేడు వేలట." నిజమే, 2025 ఏప్రిల్‌ల మన దేశానికి వచ్చిన ఆ మోడల్ ధర 16,999 రూపాయలు. సర్కారు మద్దతు ధరకే అమ్మినా రెండు క్వింటాళ్ల పత్తి పైసలు దానికి సరిపోవు. వాడు అడిగింది చిన్న ప్రశ్న కాదు. ఊర్లల్ల రూములు కిరాయికి తీసుకొని చదువుకుంటున్న తమ్ముళ్లు, చెల్లెండ్లు మస్తుమంది ఇదే అడుగుతున్నరు. పుస్తకం మంచిదా, మిషన్ మంచిదా? యూట్యూబ్‌ల దీని మీద వీడియోలు బొచ్చెడున్నయి గని అవన్నీ ఇంగ్లిష్ నవలలు చదివెటోళ్ల కోసం చేసినయి. తెలుగుల చదువుకునే ఊరి పిల్లలకు లెక్క వేరే ఉంటది. ఆ లెక్కనే ఇక్కడ జర ఇప్పి చెప్త.

కిండిల్ ఫోన్ అసొంటిది కాదు

ముందుగాల ఆ మిషన్ ఏందో తెలుసుకోవాలె. చాలామంది దాన్ని చిన్న ట్యాబ్ అనుకుంటరు. కాదు. ఫోన్ తెర తనకు తానే వెలుగుతది. ఆ వెలుతురు సక్కగ మన కండ్లల్ల కొడుతది. కిండిల్ అసొంటి రీడర్ల తెర అట్ల వెలగదు. దాన్ని ఈ-ఇంక్ అంటరు. ఆ తెర లోపట కంటికి ఆనని సన్న సన్న గుళికలు లక్షల్ల ఉంటయి. ఒక్కో గుళిక మన వెంట్రుక మందం అంత. దాంట్ల పల్సటి ద్రవం, ఆ ద్రవంల తెల్ల పొడి, నల్ల పొడి తేలుతుంటయి. ఒకదానికి ప్లస్ కరెంటు గుణం, ఇంకోదానికి మైనస్. కింద నుంచి కరెంటు ఇచ్చినప్పుడు ఒకటి పైకి వస్తది, ఇంకోటి కిందికి పోతది. నల్ల పొడి పైకొచ్చిన కాడ అక్షరం కనవడతది.

ఒక్కసారి అక్షరం నిలవడ్డంక మళ్ల పేజీ మార్చే దాంక కరెంటుతోని పనిలేదు. అందుకే ఒక్కసారి చార్జింగ్ పెడితె వారాలకు వారాలు వస్తది. ఎండల కూసుంటె కాగితం లెక్కనే కనవడతది. ఫోన్ పట్టుకొని పొలం గట్టు మీద ఎండకు చదువుడు అయితదా? తెర మీద మన మొఖమే కనవడతది. కొత్త రీడర్లకు చీకట్ల చదివేతందుకు ముందుదిక్కు నుంచి చిన్న లైటు గూడ ఉంటది. అది తెర మీద పడుతది గని ఫోన్ లెక్క కండ్లల్లకు కొట్టదు.

అమెరికాల ఎంఐటీ పరిశోధన నుంచి ఈ-ఇంక్ కంపెనీ 1997ల పుట్టింది. ఈ తెరతోని మొదటి రీడర్‌ను 2004ల జపాన్‌ల సోనీ అమ్మింది. అమెజాన్ కిండిల్ 2007 నవంబర్‌ల వచ్చింది. 399 డాలర్ల ధర పెట్టినా ఐదున్నర గంటలల్ల సరుకు మొత్తం అయిపోయింది. మన దేశంల కిండిల్ దుకాణం తెరిచింది 2012ల.

నా మాట అడిగితె, ఇది మంచి సామాను. వాట్సాప్ మోగదు, రీల్స్ రావు, ఎవలూ ఫోన్ చెయ్యరు. ఇంగ్లిష్ చదివెటోళ్లు మాట మీద వేలు పెడితె అర్థం చెప్తది. అక్షరం పెద్దగ చేసుకోవచ్చు. ఇంగ్లిష్ నవలలు నెలకు నాలుగు చదివెటోళ్లు ఉంటె సెకండ్ హ్యాండ్‌దైనా కొనుక్కొమ్మనే చెప్త. మరి తెలుగు చదివెటోళ్లకు?

తెలుగుకు వచ్చిన తిప్పలు

2016 డిసెంబర్‌ల అమెజాన్ మన దేశ భాషల పుస్తకాలను కిండిల్‌ల పెడుతున్నమని చెప్పింది. ఐదు భాషలు: హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. ఆ జాబితాల తెలుగు లేదు. 2011 జనాభా లెక్కలల్ల తెలుగు మాతృభాష అని చెప్పినోళ్లు 8 కోట్ల 11 లక్షల మంది. దేశంల హిందీ, బెంగాలీ, మరాఠీ తర్వాత మనదే. గుజరాతీ మాట్లాడెటోళ్లు అయిదున్నర కోట్లు, మలయాళం మూడున్నర కోట్లు. మందిల పెద్దగున్నా జాబితాల మాత్రం లేము. బెంగాలీ గూడ లేదు, అది వేరే ముచ్చట.

జాబితాల లేకుంటె ఏమయితది? పదిహేడు వేలు పెట్టి తెచ్చుకున్న మిషన్‌ల తెలుగు చదవాలంటె ఎక్కువసార్లు మళ్ల ఆ పీడీఎఫ్‌నే ఎక్కించుకోవాలె. ఇక్కడ ఒక సంగతి తెలుసుకుంటె సగం అర్థమైతది. ఈ-బుక్ అంటె నీళ్ల లెక్క. ఏ గిన్నెల పోస్తె ఆ రూపానికి వస్తది. అక్షరం పెద్దగ చేస్తె లైన్లు వాటంతట అవే సర్దుకుంటయి. పీడీఎఫ్ అంటె ఇటుక. అచ్చుకు తయారు చేసిన పేజీ ఎట్లుంటె అట్లనే ఉంటది. స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితె వట్టి ఫొటోనే. ఏ4 సైజు పేజీని ఏడు ఇంచుల తెర మీద ఇరికిస్తె అక్షరాలు చీమలంత అయితయి. పెద్దగ చేస్తె పేజీ తెర దాటిపోతది. ఒక్కో లైనుకు ఎడమకు ఒకసారి, కుడికి ఒకసారి గుంజాలె. ఈ-ఇంక్ తెర నెమ్మదిగ మారుతది కాబట్టి ఆ గుంజుడు ఫోన్ మీద కంటె ఇంకా నర్వస్.

ఇంగ్లిష్ అక్షరాలు చిన్నగైనా ఎట్లనో చదవొచ్చు. మన అక్షరాలకు పైన గుడి ఉంటది, కింద ఒత్తు ఉంటది, కొన్నింటికి ఒత్తు కింద ఇంకో ఒత్తు. ద, ధ, థ నడుమ తేడా ఎంత? ఒక చిన్న గీత, ఒక చుక్క. పాత పుస్తకాన్ని స్కాన్ చేసి, దాన్ని మళ్ల చిన్నగ చేసి, రాత్రి పదకొండు గంటలకు చదివితె ఆ మూడూ ఒక్క తీరుగనే కనవడతయి.

తెలుగుల సక్కటి ఈ-బుక్కులు ఎందుకు తక్కువున్నయి? దీనికి కారణం అమెజాన్ ఒక్కటే కాదు, మన ఇంట్ల గూడ ఉన్నది. మన ప్రచురణకర్తలు, డీటీపీ సెంటర్లు ఏండ్లకు ఏండ్లు అను ఫాంట్లల్లనే పుస్తకాలు కొట్టిన్రు. పేజ్‌మేకర్‌ల అను ఫాంట్ పెడితె తెర మీద తెలుగు ముద్దుగ కనవడతది. లోపట మాత్రం కంప్యూటర్‌కు అది తెలుగు అని తెల్వదు. ఇంగ్లిష్ కోడ్లకే తెలుగు బొమ్మలు తొడిగిన వేషం అది. అట్ల తయారైన పీడీఎఫ్‌లకెల్లి ఒక లైను కాపీ చేసి వాట్సాప్‌ల పెట్టి చూడుండ్రి. తెలుగు పోయి ఏవో పిచ్చి గుర్తులు వస్తయి. అందుకే వాటిల్ల మాట వెతుకుడు నడవదు. "ముల్కీ" అని కొడితె ఏం దొరకదు. ఆ టెక్స్ట్‌ను సక్కగ ఈ-బుక్ చేసుడు గూడ కాదు. మళ్ల యూనికోడ్‌లకు మార్చాలె, తప్పులు దిద్దాలె. ఆ ఖర్చు ఎవలు పెట్టుకుంటరు? పీడీఎఫ్ చేసి చేతులు దులుపుకుంటరు.

యూనికోడ్‌ల తెలుగు నిన్నమొన్న వచ్చింది గూడ కాదు. 1991ల వచ్చిన మొదటి వెర్షన్‌లనే మన లిపి ఉన్నది. మీరు ఫోన్‌ల తెలుగు టైపు చేస్తున్నరంటె అది యూనికోడే. మన పుస్తకాలే దాని దగ్గరికి ఆలస్యంగ నడుస్తున్నయి. 2010ల మొదలైన కినిగె అసొంటి తెలుగు ఈ-పుస్తకాల దుకాణాలు, పాత పుస్తకాలను ఒక్కో పేజీ టైపు చేసి దిద్దుతున్న తెలుగు వికీసోర్స్ వాలంటీర్లు ఈ పని చేసిన్రు. పైసా తీసుకోకుండ చేసే ఆ వికీసోర్స్ పనికి నేనైతె మొక్కుత.

దీంట్ల మనకు కనవడని దెబ్బ ఇంకోటున్నది. చూపు లేని పిల్లలు ఫోన్‌ల టాక్‌బ్యాక్ పెట్టుకొని పుస్తకాలు వింటరు. యూనికోడ్‌ల ఉంటె ఫోన్ తెలుగుల చదివి వినిపిస్తది. అను ఫాంట్ల పీడీఎఫ్ పెడితె పిచ్చి గుర్తులు చదువుతది. స్కాన్ అయితె ఏం చదవదు. వాళ్లకు ఎలక్ట్రానిక్ పుస్తకం అంటె షోకు కాదు, చదువుకే అదొక్కటే దారి. చూపు లేనోళ్లకు పుస్తకాలు అందాలని చేసుకున్న మర్రకేష్ ఒప్పందాన్ని ప్రపంచంల అందరికంటె ముందు, 2014ల ఒప్పుకున్నది మన దేశమే. 2016ల సుగమ్య పుస్తకాలయ అని ఆన్‌లైన్ లైబ్రరీ గూడ వచ్చింది. మీ ఊర్ల అట్లాంటి తమ్ముడు, చెల్లె ఎవలన్న ఉంటె ఆ పేరు జర చెవిన వెయ్యుండ్రి.

ఫోన్‌ల చదివితె తలకెక్కుతదా?

ఇప్పుడు అసలు పోటీ ఎవలెవలికో తేలిపోయింది. మన ఊర్లల్ల పుస్తకానికి కిండిల్‌తోని పోటీ లేదు. పోటీ ఫోన్‌తోని. మరి ఫోన్‌ల, కంప్యూటర్‌ల చదివితె నష్టమేంది?

దీని మీద 2018ల స్పెయిన్‌ల వాలెన్సియా వర్సిటీ వాళ్లు ఒక పెద్ద పని చేసిన్రు. 2000 నుంచి 2017 దాంక వచ్చిన 54 పరిశోధనలను ఒక్కకాడ పెట్టి చూసిన్రు. అన్నింటిల కలిపి లక్షా 70 వేల మందికి పైగ ఉన్నరు. ఒకే ముచ్చటను కొందరికి కాగితం మీద, కొందరికి తెర మీద ఇచ్చి, ఎంత అర్థమైందో ప్రశ్నలడిగిన పరిశోధనలు అవి. కాగితం మీద చదివినోళ్లకే ఎక్కువ అర్థమైంది. రెండు సంగతులు మాత్రం మనం పట్టుకోవాలె. ఒకటి, టైము పెట్టి చదివిస్తె ఈ తేడా పెరిగింది. రెండు, కథలు చదివినప్పుడు తేడా కనవడలే. విషయం చెప్పే పాఠాలు చదివినప్పుడే కనవడ్డది. అంటె చరిత్ర, పాలిటీ, సైన్సు అసొంటియి. టైము పెట్టుకొని విషయం చదువుడు అంటె ఏంది? పోటీ పరీక్షల ప్రిపరేషనే కదా!

కొత్త పిల్లలు పుట్టుకతోనే ఫోన్లు పట్టుకున్నరు కాబట్టి వాళ్లకు ఈ తేడా ఉండదని కొందరంటరు. ఆ పరిశోధనల ఉల్టా తేలింది. ఏండ్లు గడిచిన కొద్ది కాగితం దిక్కే మొగ్గు పెరిగింది. నాకు తోచిన కారణం చెప్త. ఫోన్ మన బొటనవేలికి ఒక అలవాటు నేర్పింది: నూకుడు. రీల్ నూకినట్టే పేజీని గూడ నూకుతం. కన్ను జారుతుంటది, మనసుకు చదివినట్టే అనిపిస్తది. మావోడు "జరజర చూసిన" అన్నది అబద్ధం కాదు, నిజంగనే చూసిండు.

ఈ-ఇంక్ రీడర్ మీద గూడ ఒక ప్రయోగం ఉన్నది. నార్వేల స్టావెంగర్ వర్సిటీ పరిశోధకురాలు, ఆమె తోటోళ్లు 50 మందికి 28 పేజీల కథ ఇచ్చిన్రు. సగం మందికి పుస్తకం, సగం మందికి కిండిల్. 2019ల అచ్చేసిన్రు. చానా విషయాలల్ల ఇద్దరూ సమానమే. ఏది ముందు జరిగింది, ఏది తర్వాత జరిగింది అని అడిగితె మాత్రం పుస్తకం చదివినోళ్లే బాగ చెప్పిన్రు. పుస్తకం చదివేటప్పుడు ఎడమ చేతిల పేజీలు పెరుగుతుంటయి, కుడి చేతిల తరుగుతుంటయి. ఎంత దూరం వచ్చినమో చేతికే ఎరుకైతది. "సాలార్‌జంగ్ సంస్కరణలు ఎడమదిక్కు పేజీల, కింద డబ్బాల ఉన్నయి" అని పరీక్ష హాల్‌ల గుర్తుకు వచ్చిన అనుభవం మీకు లేదా? నాకైతె మస్తుసార్లు ఉన్నది.

నిద్ర సంగతి గూడ ఒక్క మాట. 2014 ఆఖరుల అమెరికాల వచ్చిన ఒక పరిశోధన ప్రకారం పండుకునే ముందు ఐప్యాడ్ మీద చదివినోళ్లకు పుస్తకం చదివినోళ్ల కంటె పది నిమిషాలు ఆలస్యంగ నిద్రవట్టింది, నిద్రకు తోడ్పడే మెలటోనిన్ గూడ తగ్గింది. పన్నెండు మంది మీద చేసిన చిన్న ప్రయోగమే. కాకపోతె రాత్రి రెండింటి దాంక ఫోన్ పట్టుకొని, పొద్దున ఐదుకు కానిస్టేబుల్ రన్నింగ్‌కు లేసెటోళ్లకు ఆ పది నిమిషాలు గూడ లెక్కనే. బళ్లల్ల తెరలు బాగ తెచ్చిన స్వీడన్ 2023ల మళ్ల అచ్చు పుస్తకాలు కొనేతందుకు ఆ ఒక్క ఏడాదికే 68 కోట్ల 50 లక్షల క్రోనార్లు ఇచ్చింది.

ఇంకోటి, పరీక్ష ఎట్ల పెడుతరో చూసుకోవాలె. 2024 అక్టోబర్‌ల గ్రూప్-1 మెయిన్స్ చేతితోని రాయించిన్రు. గ్రూప్-3 ఓఎంఆర్ షీటు మీద. అది కాగితం ఆట. రైల్వే, బ్యాంకు పరీక్షలు కంప్యూటర్ మీద. దానికి పుస్తకం చదివినా మాక్ టెస్టులు మాత్రం తెర మీదనే రాయాలె. లేకుంటె ఆడికి పోయినంక కన్ను బెదురుతది.

పైసల లెక్క

"పీడీఎఫ్ ఫ్రీ కదా అన్నా" అంటరు. ఫ్రీగ వచ్చినదాన్ని మండలంల జిరాక్స్ దుకాణానికి తీసుకపోయి, పేజీకి ఇంత అని ప్రింట్ తీయించి, స్పైరల్ బైండింగ్ చేయిస్తరు. నాలుగొందల పేజీల పుస్తకానికి అయిన బిల్లు చూస్తె, చానాసార్లు అసలు పుస్తకం అంతకంటె తక్కువకే వస్తది. అచ్చు సక్కగ ఉంటది, మ్యాపులు కనవడతయి. పైగ అది దొంగ కాపీ గూడ కాదు. అచ్చు పుస్తకం మీద జీఎస్టీ లేదు. ఈ-బుక్కుల మీద ఉన్నది. 2018ల అచ్చుల గూడ దొరికే ఈ-బుక్కుల మీద 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గించిన్రు. కాగితానికి లేని పన్ను కాగితం లేనిదానికెందుకో!

హైదరాబాద్ పోతె కోఠిల సెకండ్ హ్యాండ్ దుకాణాలున్నయి. ఐతారం పొద్దున అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాలు కుప్పలు పోస్తరు. అగ్గువకు దొరుకుతయి. ఎడిషన్ మాత్రం చూసుకోవాలె. అచ్చు పుస్తకానికి ఉన్న పెద్ద రోగం ఇదే, పాతవడతది. తెలంగాణల పది జిల్లాలు అని రాసి ఉంటె అది 2016 అక్టోబర్‌కు ముందుది. ముప్పై ఒకటి అని ఉంటె 2019 ఫిబ్రవరికి ముందుది. ఇప్పుడు 33. దేశంల 29 రాష్ట్రాలు అని ఉన్న పాలిటీ పుస్తకం జమ్మూకశ్మీర్ ముచ్చట తెల్వనిది. అట్లాంటి పాత పుస్తకం కొనొద్దని కాదు. మూలం మారదు. మారిందాన్ని ఫోన్‌ల చూసుకొని పక్కన పెన్సిల్‌తోని రాసుకోవాలె. కరెంట్ అఫైర్స్, నోటిఫికేషన్లు, సిలబస్, పాత ప్రశ్నపత్రాలు.. వీటికి ఫోన్‌ను మించింది లేదు. వాటికి నెలనెల పుస్తకాలు కొనుడు పైసలు పారవోసుడే.

బడి పుస్తకాలు గూడ ఇంట్ల లేకుంటె రంది పడొద్దు. ఆరు నుంచి పది దాంక ఎస్‌సీఈఆర్‌టీ పుస్తకాలు పీడీఎఫ్‌లు ఆన్‌లైన్‌ల ఉత్తగనే దొరుకుతయి. తమ్ముళ్లవి, చెల్లెండ్లవి పాత పుస్తకాలు తెచ్చుకుంటె ఇంకా మంచిది.

చట్టం దాటకుండ ఉత్తగ దొరికే సొమ్ము ఇంకా మస్తున్నది. మన దేశంల రచయిత చనిపోయినంక 60 ఏండ్లకు పుస్తకం అందరిదైతది. సురవరం ప్రతాపరెడ్డి 1953ల పోయిండు. తెలుగుల మొదటి సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన ఆయన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' మీద ఇప్పుడు కాపీరైట్ లేదు. వట్టికోట ఆళ్వారుస్వామి 1961ల పోయిండు. 'ప్రజల మనిషి' 2022 నుంచి అందరిదే. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌ల వేలల్ల ఉన్నయి. బజార్ల దొరకని పుస్తకాలు. ఇక్కడ మాత్రం తెరకు దండం పెట్టాలె. కాగితం ఎప్పుడో చెదలు పట్టిన పుస్తకాలు అది కాపాడింది.

పుస్తకం ఎవలిది?

ఒక ముచ్చట చాలామందికి తెల్వదు. కిండిల్‌ల పైసలు పెట్టి కొన్న పుస్తకం పూర్తిగ మనది కాదు. చదువుకునేతందుకు అనుమతి మాత్రమే కొన్నట్టు. 2009 జులైల ఏమైందంటె, జార్జ్ ఆర్వెల్ రాసిన '1984', 'యానిమల్ ఫామ్' పుస్తకాలను హక్కు లేనోళ్లు కిండిల్‌ల అమ్మిన్రని అమెజాన్‌కు తెలిసింది. దుకాణంల తీసేసుడే కాదు, కొనుక్కున్నోళ్ల మిషన్లల్లకెల్లి గూడ మాయం చేసింది. పైసలు వాపస్ ఇచ్చింది. ఒక విద్యార్థి ఆ పుస్తకం మీద రాసుకున్న నోట్స్ పనికిరాకుండ పోయినయని కోర్టుకు పోయిండు. సర్కారు అందరినీ కనిపెట్టుకుంట ఉండే కథ '1984'. ఆ పుస్తకమే మాయమైంది చూడుండ్రి. 2019ల మైక్రోసాఫ్ట్ తన ఈ-బుక్కుల దుకాణం మూసేసింది. పైసలిచ్చింది గని అంతకుముందు కొన్న పుస్తకాలు తెరుచుకోకుండ అయినయి.

మావోడి ఇంట్ల ఉన్న అకాడమీ పుస్తకం వాళ్లక్కది. అక్క రాసిన పెన్సిల్ గీతలున్నయి, వాడు పెన్నుతోని రాసుకున్నయి ఉన్నయి. రేపు పక్కింటి పిల్లకు పోతది. ఎవలి పాస్‌వర్డ్ అక్కర్లేదు. అదే టెలిగ్రామ్ గ్రూపు బంద్ అయినా, ఫోన్ నీళ్ల పడినా మూడొందల పన్నెండూ ఒక్కసారే పోతయి.

అయితె అందరూ అన్నీ కొనాలంటె ఏడికెల్లి తెస్తరు? దీనికి మన పెద్దోళ్లు నూరేండ్ల కిందనే తొవ్వ చూపిన్రు. 1901ల హైదరాబాద్‌ల శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టిన్రు, 1904ల హన్మకొండల రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం. నిజాం కాలంల తెలుగుల చదువుకునుడే కష్టమున్న రోజులల్ల. ఆళ్వారుస్వామి 1938ల దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు అచ్చేసి, ఊరూరు తిరిగి తనే అమ్మిండు. ఇప్పుడు ఇంటి పన్నుల ప్రతి రూపాయికి ఎనిమిది పైసలు లైబ్రరీ సెస్ కింద పోతది. మీ నాయిన కట్టిన రసీదు ఇంట్ల ఉంటె తీసి చూడుండ్రి. అంటె లైబ్రరీ ఎవలో పెట్టే ధర్మసత్రం కాదు, మన పైసలే. మండల కేంద్రంల శాఖా గ్రంథాలయం ఉంటె అక్కడ రిజిస్టర్‌ల కావాల్సిన పుస్తకం పేరు, ఎడిషన్ రాసి అడగుండ్రి. ఒక్కడు అడిగితె పక్కన పెడుతరేమో, ఇరవై మంది సంతకాలు పెడితె లెక్కల తీసుకుంటరు. ఒక్కో సబ్జెక్టుకు ఐదు కాపీలు, ఒక పాత కంప్యూటర్, వీలైతె రెండు రీడర్లు. పదిహేడు వేలది ఒక్కడు కొనుడు కంటె ఊరి మీద ఒకటి ఉంటె పదిమంది తీరొక్కటి చదువుతరు.

మావోడికి నేను కిండిల్ కొనొద్దన్న. వాడు ఇంగ్లిష్ నవలలు చదవడు. చదివేవి తెలుగు పుస్తకాలు, అవి దాంట్ల సక్కగ రావు. ఒక్కో సబ్జెక్టుకు ఒక్కటి చొప్పున అచ్చు పుస్తకం పట్టుకొమ్మన్న. ఐదు పుస్తకాలు కొన్నం, రెండు కోఠిల, మూడు కొత్తయి. కిండిల్ ధరల ఆరో వంతు గూడ కాలే. ఆ రాత్రి అరుగు మీద కూసొని ఫోన్‌ల ఉన్నయి తీసేసుడు మొదలువెట్టినం. ఒకే పుస్తకం మూడు పేర్లతోని ఉన్నయి, సగం పేజీలు లేనియి, తలకిందులు స్కాన్ అయినయి, ఒకటైతె ఆంధ్రప్రదేశ్ ఉమ్మడిగ ఉన్నప్పటి గైడు. అన్నీ పోంగ నలభై ఆరు మిగిలినయి. పాత ప్రశ్నపత్రాలు, కరెంట్ అఫైర్స్, ఆర్కైవ్‌ల నుంచి తెచ్చిన పాత పుస్తకాలు నాలుగు. పాలిటీవి తొమ్మిదిల ఎనిమిది తీసేసిన. తొమ్మిదోదాని మీద వేలు పెట్టంగనే ఫోన్ గుంజుకున్నడు. "అది ఉండనియ్ అన్నా, దాంట్ల నలభై పేజీలు నిజంగనే చదివిన" అన్నడు.